పాటల హక్కు ముందు, సర్వర్ తర్వాత

చిరంజీవి కిరణ్‌కు,

పిన్ని ఆశీస్సులు. ఇంటర్నెట్ రేడియో మొదలుపెడుతున్నానని, చౌకగా దొరికే కంపెనీ ఏదైనా చెప్పమని రాశావు. నువ్వు పంపిన మూడు ప్యాకేజీల వివరాలూ కూర్చుని చదివాను. మూడింటిలోనూ సర్వర్ గురించి రెండేసి పేజీలున్నాయి. పాటల హక్కుల గురించి ఒక్కో వాక్యమే ఉంది. అందుకే ఏదో ఒక పేరు చెప్పి ఊరుకోలేక ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను. పదకొండేళ్లు స్టేషన్ నడిపినదాన్ని, ఇందులో డబ్బు ఎక్కడ పోతుందో నాకు తెలుసు.

నువ్వు కొనాల్సినవి రెండు ఉన్నాయి నాన్నా. పాటను నీ కంప్యూటర్ నుంచి శ్రోత చెవికి చేర్చే సర్వర్ ఒకటి, ఆ పాట వేసుకోవడానికి అనుమతి ఇంకొకటి. మొదటిది ఏడాదికేడాది చౌక అవుతోంది, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ కూడా బోలెడు ఉంది. రెండోది అలా కాదు. అందరూ సర్వర్ల ధరలు పోల్చుకుంటూ నెలలు గడిపేసి, అనుమతి సంగతి చివర్లో చూసుకుందాం అనుకుంటారు. నువ్వు తిరగేసి చెయ్యి. అనుమతి ఎక్కడ, ఎలా దొరుకుతుందో తేల్చుకున్నాకే సర్వర్ వెతుకు.

ఒక పాటలో రెండు హక్కులుంటాయి. సాహిత్యం, బాణీ కట్టినవాళ్లది ఒకటి. ఆ పాటను పాడించి రికార్డు చేసినవాళ్లది రెండోది. త్యాగరాజస్వామి 1847లో కాలం చేశారు, ఆయన కృతులు ఎవరైనా పాడుకోవచ్చు. కానీ ఈ మధ్య ఒక గాయని పాడిన కృతి రికార్డింగును నీ స్టేషన్‌లో వెయ్యాలంటే ఆ రికార్డింగు హక్కుదారు అనుమతి కావాలి. పాత పాట కదా, హక్కులేముంటాయి అనుకుని దెబ్బతిన్నవాళ్లను చాలామందిని చూశాను.

ఈ రెండు హక్కులకూ డబ్బు వసూలు చేసే సంస్థలు చాలా దేశాల్లో వేరువేరుగా ఉంటాయి. అమెరికాలో రచన, బాణీల వైపు ఆస్కాప్, బీఎంఐ, సెసాక్, జీఎంఆర్ అని ముఖ్యమైనవి నాలుగున్నాయి. రికార్డింగు వైపు సౌండ్‌ఎక్స్ఛేంజ్ ఉంది. బ్రిటన్‌లో పీఆర్‌ఎస్ ఒకవైపు, పీపీఎల్ ఇంకోవైపు. కెనడాలో సోకాన్, రీసౌండ్. ఇండియాలో ఐపీఆర్ఎస్, పీపీఎల్ ఇండియా. అక్కడ కొన్ని పెద్ద మ్యూజిక్ కంపెనీలు ఏ సంస్థకూ అప్పగించకుండా తమ రికార్డింగులకు తామే లైసెన్స్ ఇచ్చుకుంటాయి, వాళ్ల దగ్గరికి నేరుగా వెళ్లాలి. రేడియో స్టేషన్లకు చట్టప్రకారం నిర్ణయించిన రేటుకు పాటలిచ్చే సెక్షన్ 31డి ఇండియా కాపీరైట్ చట్టంలో ఉంది గానీ, అది ఇంటర్నెట్ సేవలకు వర్తించదని బాంబే హైకోర్టు 2019లో తీర్పు చెప్పింది. చట్టం దేశాన్ని బట్టి మారుతుంది. నీ స్టేషన్ ఎక్కడుంది అన్నదొక్కటే చూస్తే చాలదు, నీ శ్రోతలు ఎక్కడున్నారో కూడా చూడాలి.

నేను దెబ్బతిన్నది సరిగ్గా అక్కడే. మొదట్లో ఒక కంపెనీ ప్యాకేజీ తీసుకున్నాను. 'లైసెన్స్‌తో సహా' అని పెద్ద అక్షరాల్లో రాసి ఉంది, ఇంకేం కావాలి అనుకుని సంతకం పెట్టేశాను. మూడో ఏడు ఒక మ్యూజిక్ సంస్థ నుంచి ఈమెయిల్ వచ్చింది, ఫలానా రికార్డింగులు వెయ్యడానికి అనుమతి చూపించమని. ఒప్పందం మళ్లీ తీసి చదివితే అందులో ఉన్నది రచన, బాణీల హక్కు మాత్రమే. అదీ ఒక్క దేశంలోని శ్రోతలకే. నా శ్రోతల్లో సగం మందికి పైగా వేరే దేశాల్లో ఉండేవాళ్లు. వారం రోజులు స్టేషన్ ఆపేశాను. బకాయి లెక్క కట్టి, వాయిదాల్లో తీర్చి బయటపడ్డాను గానీ ఆ టెన్షన్‌తో ఎన్ని రాత్రులు నిద్ర పట్టలేదో మీ అమ్మకు తెలుసు.

తర్వాత ఏడాదే ఆ కంపెనీ నెల రోజులు కూడా గడువివ్వకుండా ఆ సేవ మానేసింది. నా స్ట్రీమ్ చిరునామా, అంటే స్టేషన్ వినడానికి శ్రోతలు నొక్కే లింకు, వాళ్ల డొమైన్ (వెబ్‌సైట్ పేరు) మీద ఉండేది. శ్రోతల ఫోన్లలో, యాప్‌లలో, రేడియో డైరెక్టరీలలో ఉన్న లింకులన్నీ ఒక్క రాత్రితో పనిచెయ్యడం మానేశాయి. అలా దూరమైన శ్రోతల్లో చాలామంది మళ్లీ రాలేదు.

ఇలాంటిది చిన్న కంపెనీలకే జరుగుతుందనుకోకు. 1999లో మొదలైన లైవ్365 వేల చిన్న స్టేషన్లకు సర్వర్, లైసెన్స్ కలిపి ఇచ్చేది. రాయల్టీ అంటే పాట వేసినందుకు హక్కుదారులకు కట్టే డబ్బు. అమెరికాలో చిన్న స్టేషన్ల కోసం ఉన్న తక్కువ రాయల్టీ ఏర్పాటు 2015 చివరితో ముగిసింది. 2016 జనవరి 31న ఆ కంపెనీ మూతపడింది. 2017లో కొత్త యజమాని చేతుల్లో మళ్లీ తెరుచుకుంది గానీ, ఆ మధ్యకాలంలో ఎన్నో స్టేషన్లు ఆగిపోయాయి. కాబట్టి ఎవరి దగ్గర తీసుకున్నా డొమైన్ పేరు నీ పేరు మీదే కొను. స్ట్రీమ్ చిరునామా దాని కింద పెట్టు. వెనక సర్వర్ మారినా శ్రోతకు తెలియకూడదు. పాటల ఫైళ్లు, ప్లేలిస్టులు, ఏ పాట ఎప్పుడు వేశావో ఆ లాగ్, అన్నీ నీ దగ్గర కూడా ఒక కాపీ ఉండాలి.

ఇంత చెప్పి, కలిపి ఇచ్చే ప్యాకేజీ వద్దని అనను. ఒక్కడివే నడిపే చిన్న స్టేషన్‌కు చాలాసార్లు అదే చౌక. అరడజను సంస్థలతో విడివిడిగా ఒప్పందాలు రాసుకుని, ఒక్కొక్కరికీ కనీస రుసుము కట్టి, ఏ పాట ఎన్నిసార్లు వేశావో ఒక్కొక్కరికీ రిపోర్టు పంపడం మోయలేని బరువు. కాకపోతే సంతకానికి ముందు వాళ్లను అడగాల్సినవి అడుగు. రెండు హక్కులూ ఉన్నాయా? ఏ సంస్థలకు కడుతున్నారు, పేర్లతో సహా చెప్పగలరా? ఏ దేశాల శ్రోతలకు వర్తిస్తుంది, మిగతా దేశాలవాళ్లను మీరే ఆపుతారా, నేను ఆపాలా? నెలకు ఎన్ని వినికిడి గంటల వరకు? నేను ప్రకటనలు వేసుకోవచ్చా? పాటల రిపోర్టు ఎవరు పంపుతారు? జవాబు ఫోన్‌లో చెబితే ఒప్పుకోకు, రాతపూర్వకంగా తీసుకో. రాసివ్వడానికి వెనకాడే కంపెనీ ఎంత చౌకగా ఇస్తానన్నా నాకు నమ్మకం ఉండదు.

వినికిడి గంటల లెక్క నీకు అర్థం కావాలి, బిల్లు దాని మీదే వస్తుంది. ఒక శ్రోత ఒక గంట వింటే ఒక వినికిడి గంట. రాయల్టీ చాలాచోట్ల ఒక శ్రోతకు ఒక పాట వినిపిస్తే ఒకటి చొప్పున లెక్కేస్తారు. గంటకు 15 పాటలు వేస్తావనుకో, ఎప్పుడు చూసినా సగటున 20 మంది వింటున్నారనుకో. గంటకు 300 సార్లు వినిపించినట్టు లెక్క. రోజుకు 7,200. నెలకు 2,16,000. ఇరవై మందే కదా అనిపించే స్టేషన్‌కు ఇది. మాటలు ఎక్కువ, పాటలు తక్కువ ఉన్న కార్యక్రమాలకు ఖర్చు ఎందుకు తగ్గుతుందో దీన్ని బట్టి నీకే తెలుస్తుంది. లాభాపేక్ష లేని సంస్థగా నడిపే ఆలోచన ఉంటే ముందే తేల్చుకో. అమెరికాలో పన్ను మినహాయింపు ఉన్న అలాంటి స్టేషన్లు నెలకు 1,59,140 వినికిడి గంటల వరకు రికార్డింగు రాయల్టీ కింద కనీస రుసుముతోనే సరిపెట్టుకునే పద్ధతి చాలా ఏళ్లుగా ఉంది. వేరే దేశాల్లో కూడా చిన్న స్టేషన్లకు విడిగా రేటు ఉందేమో ఆయా సంస్థలనే అడుగు. అడగనివాళ్లకు మామూలు రేటే వేస్తారు.

లైసెన్స్ దొరికాక కూడా ఇష్టమొచ్చినట్టు పాటలు వేసుకోవడానికి వీల్లేదు. అమెరికాలో 1998 నాటి చట్టం ప్రకారం, ఏ మూడు గంటల వ్యవధిలోనూ ఒకే ఆల్బమ్ నుంచి మూడు పాటలకు మించకూడదు, వరసగా రెండుకు మించకూడదు. ఒకే కళాకారుడివైతే నాలుగుకు మించకూడదు, వరసగా మూడుకు మించకూడదు. ఏ పాట ఎన్ని గంటలకు వస్తుందో ముందుగా ప్రకటించకూడదు. శ్రోతలు కోరిన పాటలు వెయ్యొచ్చు గానీ, అడిగిన గంటలోపు వేసే పాటలతోనే స్టేషన్ నింపకూడదు. ఒక గాయకుడి పుట్టినరోజుకు రోజంతా ఆయన పాటలే వెయ్యాలన్న నీ ఆలోచన బాగుంది, కానీ ఈ నియమం కింద కుదరదు. ఇంకొకటి. అయిపోయిన కార్యక్రమాన్ని పాటలతో సహా పాడ్‌కాస్ట్‌గా పెడతానన్నావు. రేడియో లైసెన్స్ దానికి వర్తించదు. పాటలు తీసేసి నీ మాటలు, ఇంటర్వ్యూలు మాత్రం పెట్టుకో.

కొన్ని అపోహలు కూడా వదిలించుకో. పది సెకన్లు వేస్తే ఫర్వాలేదన్న నియమం ఎక్కడా లేదు. నువ్వు నెలనెలా డబ్బు కట్టి పాటలు వినే యాప్ నీ సొంత వినికిడి కోసమే, దాన్నుంచి ప్రసారం చెయ్యకూడదు. 'రాయల్టీ ఫ్రీ' అంటే ఉచితమని కాదు, వీడియోలకు ఇచ్చిన అనుమతి రేడియోకు ఉండకపోవచ్చు.

నిజంగా డబ్బు లేకపోతే ఒక దారి ఉంది, నాకు చాలా ఇష్టమైన దారి. క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద, అంటే కొన్ని షరతులతో ఎవరైనా ఉచితంగా వాడుకునేలా, పాటలు వదిలే కళాకారులున్నారు. పేరు చెబితే చాలు అనే లైసెన్స్ అయితే నిశ్చింతగా వాడుకో. 'ఎన్‌సీ' అని ఉంటే వ్యాపారానికి వాడకూడదని, ప్రకటనలు వేసే స్టేషన్ దాని జోలికి పోకపోవడమే మంచిది. 'ఎన్‌డీ' ఉంటే పాటను మార్చి గానీ, వేరే పాటతో మిక్స్ చేసి గానీ వెయ్యకూడదు. ఇంకా మంచి పని, కొత్త గాయకులను నేరుగా అడగడం. పాట రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు, రికార్డు చేయించినవాళ్లు అందరూ ఒప్పుకున్నట్టు ఒక పేజీ రాయించుకో. వాళ్లు ఏదైనా వసూలు సంస్థలో సభ్యులా అని తప్పకుండా అడుగు, సభ్యులైతే వాళ్లొక్కరి అనుమతి చాలకపోవచ్చు. నా స్టేషన్‌లో శ్రోతలు ఎక్కువగా గుర్తుపెట్టుకున్నవి అలా వచ్చిన పాటలే.

ఇక సర్వర్. ఇక్కడ నీకు నా అవసరం పెద్దగా లేదు. పాటలను శ్రోతలకు పంపే ఐస్‌కాస్ట్ సాఫ్ట్‌వేర్ ఉచితం, ఎన్నో ఏళ్లుగా నమ్మకంగా పనిచేస్తోంది. అజురాకాస్ట్ కూడా ఉచితమే, చిన్న అద్దె సర్వర్ మీద పెట్టుకుంటే నువ్వు నిద్రపోయినా పాటలు అదే వేస్తుంది, లాగ్ కూడా అదే రాస్తుంది. నువ్వే కూర్చుని లైవ్‌గా ప్రసారం చెయ్యడానికి మిక్స్ (Mixxx) లేదా బట్ (BUTT) అనే సాఫ్ట్‌వేర్ చాలు. కొనేముందు డేటా లెక్క వేసుకో. 128 కేబీపీఎస్ (సెకనుకు 128 కిలోబిట్ల వేగం) దగ్గర ఒక శ్రోతకు గంటకు 57.6 ఎంబీ పోతుంది. సగటున 30 మంది నెలంతా వింటే 1.24 టీబీ. ఏఏసీ ప్లస్ అనే ఆడియో ఫార్మాట్‌లో 64 కేబీపీఎస్ పెడితే సగమవుతుంది, మామూలు ఇయర్‌ఫోన్లో తేడా పెద్దగా తెలియదు. పాత పరికరాల కోసం ఎంపీ3 ఒకటి ఉంచు. 'అపరిమిత శ్రోతలు' అన్నచోట కింద చిన్న అక్షరాలు చదువు, డేటా పరిమితి అక్కడ ఉంటుంది. స్ట్రీమ్ హెచ్‌టీటీపీఎస్‌లో (https:// తో మొదలయ్యే సురక్షిత లింకులో) వస్తుందో లేదో చూసుకో, లేకపోతే నీ వెబ్‌సైట్‌లోని ప్లేయర్ చాలా బ్రౌజర్లలో పాడదు.

మొదటి రోజు నుంచీ ప్రతి పాటకూ పేరు, కళాకారుడు, ఆల్బమ్, కంపెనీ, దొరికితే ఐఎస్‌ఆర్‌సీ కోడ్ (ప్రతి రికార్డింగుకూ ఉండే, అక్షరాలు, అంకెలు కలిపి 12 ఉండే గుర్తింపు) నింపుతూ పో. నేను వెయ్యి పాటలు పోగయ్యాక మొదలుపెట్టాను, రెండు నెలలు అదే పని.

ఆ మూడు కంపెనీలకూ పైన రాసిన ప్రశ్నలు ఈరోజే ఈమెయిల్ చెయ్యి. వచ్చిన జవాబులు వచ్చినట్టే నాకు పంపు, ఆదివారం ఫోన్‌లో కలిసి చదువుదాం. అంతవరకు ఎవరికీ ఏమీ కట్టకు. తగ్గింపు ఇస్తామన్నా సరే, మొదటిసారే ఏడాదికి సరిపడా కట్టకు, మూడు నెలలకే తీసుకో.

ఇట్లు,
మీ పిన్ని