చెకుముకి రైఫిల్ కొనబోయే ముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

పెన్సిల్వేనియాలో చెకుముకి తుపాకితో జింకల వేటకు వెళ్తానని, ఏ లాంగ్ రైఫిల్ (మూతిలోంచి మందూ గుండూ కూరే పాతకాలపు పొడవాటి తుపాకి) కొనాలని అడిగావు. నగిషీ చూసి కొనకమ్మా, భుజానికి కుదిరిందో లేదో చూసి కొను.

వీటన్నిటికీ మూలం జర్మన్ యేగర్ (అంటే వేటగాడు) రైఫిల్. బ్యారెల్ పొట్టి, 30 అంగుళాలు అటూ ఇటూ, గుండు పెద్దది. 18వ శతాబ్దంలో పెన్సిల్వేనియాలో స్థిరపడ్డ జర్మన్ పనివాళ్లు దాన్నే 42 నుంచి 46 అంగుళాల దాకా సాగదీశారు. ముందు బరువు ఉండడంతో గురి ఊగదు. కానీ పొదల్లో మోసుకు తిరగడానికి, చెట్టెక్కి కూర్చోడానికి యేగరే సుఖం.

పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ పనితనంలో, ముఖ్యంగా తొలినాటి వాటిలో, మడమ (భుజానికి ఆనే వెనక భాగం) వెడల్పుగా, కింది అంచు తిన్నగా ఉంటుంది. పేలినప్పుడు వెనక్కి తన్నే దెబ్బ భుజమంతా పరుచుకుంటుంది. అక్కడి లీహై ప్రాంతపు వాటి మడమ కిందికి వంగి చాలా అందంగా ఉంటుంది. టెనెసీ కొండల రైఫిల్‌కు ఇత్తడి బదులు ఇనుప బిగింపులు, సన్నటి కర్ర, నెలవంకలా లోతుగా వంగిన మడమ. దాన్ని భుజం గుంటలో పెడితే ఆ నెలవంక కొనలు గుచ్చుకుంటాయి. భుజం కీలుకు బయట, చేతి మొదట్లో ఆనించాలి. జనవరి చలికి లావుపాటి కోటు వేసుకుంటే అది సరిగ్గా కూర్చోదు. నీకు తొలినాటి లాంకాస్టర్ తరహాయే మంచిదని నా అభిప్రాయం.

బ్యారెల్ మొదట లావుగా, నడుమ సన్నగా, మూతి దగ్గర మళ్లీ కాస్త విచ్చుకున్నది దొరికితే డబ్బు ఎక్కువైనా తీసుకో. నీ ఎత్తుకు ఆ తూకం చేతుల మధ్యే నిలుస్తుంది. ఇంకో సంగతి: బయటి కొలత ఒకటే అయినప్పుడు లోపలి వ్యాసం .45 అంగుళం ఉన్న బ్యారెల్ .50 దానికన్నా బరువు. లోపల ఇనుము ఎక్కువ మిగులుతుంది కాబట్టి. జింకకు అక్కడి నిబంధన .44కు తగ్గకూడదు; .50 తీసుకో. .490 గుండు, దానికి చుట్టే 0.015 అంగుళాల మందం నూలు గుడ్డ, మూడు ఎఫ్‌ల (సన్న పలుకు) బ్లాక్ పౌడర్ 60 గ్రెయిన్లతో (దాదాపు 4 గ్రాములు) మొదలుపెట్టు. తయారీదారు చెప్పిన గరిష్ఠ మోతాదు ఎప్పుడూ దాటకు. ఈ కాలపు పొగలేని మందు చిటికెడు కూడా పోయకూడదు, బ్యారెల్ పేలిపోతుంది. మందు దాచుకునే కొమ్ములోంచి నేరుగా బ్యారెల్లోకి వంచకు. లోపల నిప్పురవ్వ మిగిలి ఉంటే కొమ్ము చేతిలోనే అంటుకుంటుంది. కొలతగిన్నెలో పోసి అక్కడినుంచి వెయ్యి.

గుండు మందు మీద గట్టిగా ఆనాలి. మధ్యలో ఖాళీ ఉంటే బ్యారెల్ ఉబ్బిపోవచ్చు, పగలొచ్చు. ఖాళీ బ్యారెల్లో ఒక గీత, మందూ గుండూ కూరాక ఇంకో గీత కూరే కర్ర మీద పెట్టుకుంటే రెండుసార్లు కూరే పొరపాటూ జరగదు.

అసలు కష్టం లాకులో, అంటే నిప్పు పుట్టించే యంత్రంలో ఉంది. చెకుముకి రాయిని తోలుముక్కలో చుట్టి సుత్తి దవడల్లో బిగించు. సుత్తి సగం ఎత్తులో (సగం వెనక్కి లాగి) ఉన్నప్పుడు రాయి అంచు తాను కొట్టాల్సిన ఉక్కురేకుకు దగ్గరగా, తగలకుండా ఉండాలి. కొట్టినప్పుడు పైనుంచి మూడో వంతు దగ్గర తగలాలి. తెల్లటి రవ్వలు ప్యాన్‌లో (అంటించే మందు పోసే చిన్న గిన్నెలో) పడితే బాగున్నట్టు. ఎర్రగా, నీరసంగా ఉంటే రాయి మొద్దుబారింది, లేదా రేకుకు జిడ్డు అంటింది. ప్యాన్ నిండా మందు పోస్తే త్వరగా పేలుతుందని అందరూ అనుకుంటారు. నిజానికి ప్యాన్ నుంచి బ్యారెల్లోకి నిప్పు పోయే చెవి రంధ్రంలో మందు నిండిపోతే వత్తిలా మెల్లగా కాలి ఆలస్యమవుతుంది. మూడు గ్రెయిన్లు, రంధ్రానికి కింది మట్టంలో, చాలు. మంచులో ఆ మందు తడిసి ముద్దవుతుంది, తరచూ తుడిచి కొత్తది వెయ్యి.

ట్రిగ్గర్ నొక్కాక ముఖం దగ్గర మెరుపు వస్తుంది. కన్ను ముయ్యకు, తల ఎత్తకు. పొగ విడేదాకా గురి మీదే ఉండు. కళ్లజోడు తప్పనిసరి. పేలకపోతే మూతి గురివైపే ఉంచి కనీసం ఒక నిమిషం ఆగు. సగం ఎత్తును సేఫ్టీ అనుకోవద్దు.

ఇంటికొచ్చిన రోజే గోరువెచ్చటి నీళ్లతో బ్యారెల్ కడిగి, పూర్తిగా ఆరబెట్టి, నూనె పట్టించు. ఆ మసి గాలిలో తేమ పీల్చి ఇనుమును తినేస్తుంది. మర్నాడు పొద్దున మరో తెల్లగుడ్డ దూర్చి చూడు. ఎర్రగా వస్తే మళ్లీ కడుగు.

మీ మామయ్య