రాయపురం స్టేషన్‌కు అన్ని స్తంభాలు ఎందుకు?

ప్రశ్న (సూళ్లూరుపేట నుంచి ఒక పాఠకురాలు): చెన్నై బీచ్ వైపు వెళ్లే లోకల్ రైలెక్కినప్పుడల్లా రాయపురంలో ఎత్తయిన స్తంభాలున్న పాత భవనమొకటి కనిపిస్తుంది. లోకల్ రైళ్లు కాసేపు ఆగి వెళ్లిపోయే ఈ చిన్న స్టేషన్‌కు అంత గొప్ప కట్టడం ఎలా వచ్చింది?

జవాబు: మీరు చూసింది దక్షిణ భారతంలో మొదటి ప్రయాణికుల రైలు బయలుదేరిన స్టేషన్. గవర్నరు లార్డ్ హ్యారిస్ ప్రారంభించిన ఈ స్టేషన్ నుంచి 1856 జూలై 1న మద్రాసు రైల్వే కంపెనీ వాలాజా రోడ్ వరకు, అంటే సుమారు 100 కిలోమీటర్ల మేర, రాకపోకలు మొదలుపెట్టింది. దేశంలో ప్రయాణికుల రైలు బొంబాయిలో 1853లో, కలకత్తా దగ్గర హౌరాలో 1854లో నడిచింది కాబట్టి మద్రాసుది మూడో స్థానం. మహానగరానికి ముఖద్వారంగా కట్టిన భవనం కనుకనే దానికి ఆ ఎత్తు, ఆ స్తంభాలు.

స్టేషన్‌ను ఊరికి ఉత్తరపు కొసన ఎందుకు కట్టారని కూడా మీకు అనిపించి ఉండవచ్చు. అప్పటికి మద్రాసుకు కట్టుదిట్టమైన ఓడరేవు లేదు. ఓడలు దూరంగా సముద్రంలోనే లంగరు వేస్తే, సరుకును, మనుషులను మసూలా పడవల్లో అలల మీదుగా ఒడ్డుకు చేర్చేవారు. సెయింట్ జార్జి కోటను ఆనుకుని ఉన్న బ్లాక్ టౌన్‌లో, అంటే నేటి జార్జిటౌన్‌లో, తెలుగు వర్తకులతో సహా ఊరి వ్యాపారులందరి దుకాణాలూ గిడ్డంగులూ ఉండేవి. ఒడ్డుకూ అంగళ్లకూ దగ్గరగా ఉన్న రాయపురం రైలుకు అనువైన చోటు. ఆ పేరు కూడా సముద్రం మీద బతికినవారి నుంచే వచ్చింది: పడవలవాళ్లు కొలిచే సెయింట్ పీటర్‌ను తమిళంలో రాయప్పర్ అంటారు, ఆయన పేరు మీదే రాయపురం. ఇప్పటికీ పక్కనే కాశిమేడు చేపల రేవు ఉంది. నేను ఒకరోజు ఉదయం ఆ స్టేషన్‌లో దిగినప్పుడు, చేపల గంపను తలకెత్తుకోవడానికి చెయ్యి అందించమని ఒకావిడ నన్ను అడిగింది. గంప అంచు నుంచి కారిన ఉప్పునీరు నా చొక్కా చేతి మీద మరకై మిగిలింది.

మన రాయలసీమకు కూడా ఈ స్టేషన్‌తో అనుబంధముంది. అరక్కోణం నుంచి రేణిగుంట, కడప, గుంతకల్లు మీదుగా వేసిన మార్గం 1871లో రాయచూరు దగ్గర బొంబాయి నుంచి వచ్చిన మార్గాన్ని కలుసుకుంది. సెంట్రల్ స్టేషన్ 1873లో గాని రాలేదు. అంతకుముందు ఆ దారిన మద్రాసుకు రైల్లో వచ్చిన మన పెద్దలకు పట్నంలో చివరి మజిలీ రాయపురమే.

సెంట్రల్ వచ్చాక రాయపురం ప్రాముఖ్యం తగ్గుతూ వచ్చింది. 1907లో సముద్రపు ఒడ్డు మార్గాన్ని ఇంకా దక్షిణానికి పొడిగించినప్పుడు దూరప్రాంతపు రైళ్లు సెంట్రల్‌కు మారాయి. ఆ తరవాత కూడా, మద్రాసు రైల్వే కంపెనీ కలిసిపోయిన మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే ప్రధాన కార్యాలయం కొంతకాలం రాయపురంలోనే ఉంది కాని, 1922లో సెంట్రల్ పక్కన కొత్త భవనం సిద్ధం కాగానే అదీ తరలిపోయింది.

నా ఉద్దేశంలో ఈ భవనాన్ని కాపాడింది ఆ వెనకబాటే. బొంబాయి, హౌరా స్టేషన్లలో రద్దీ పెరిగేకొద్దీ పాత కట్టడాలు పోయి కొత్తవి వచ్చాయి. రాయపురాన్ని పడగొట్టి పెద్దది కట్టవలసిన అవసరమే ఎవరికీ రాలేదు. అందుకే దేశంలో మిగిలి ఉన్న రైల్వే స్టేషన్లలో అత్యంత పాతది ఇదే అయింది. అయితే నిర్లక్ష్యం ఒక హద్దు వరకే కాపాడుతుంది, ఆ తరవాత అదే కూలుస్తుంది. శిథిలమవుతున్న దశలో, 2005లో దీన్ని బాగుచేయించారు. ఈసారి అటు వెళ్లినప్పుడు ఒక్క బండి వదులుకుని అయినా దిగి చూడండి.

ప్రశ్న (రాజమహేంద్రవరం నుంచి మరొక పాఠకుడు): దక్షిణాదిలో మొదటి రైలు 1837లోనే నడిచిందని విన్నాను. మరి రాయపురం మొదటిది ఎలా అవుతుంది?

జవాబు: మీరు విన్నది నిజమే, అయితే అది రాళ్ల బండి. మద్రాసు దగ్గర రెడ్ హిల్స్ నుంచి చింతాద్రిపేట వైపు రోడ్లు వేయడానికి కావలసిన రాయిని 1837లో పట్టాల మీద తరలించారు. ప్రయాణికుల రైలు విషయంలో మాత్రం రాయపురమే మొదటిది. మీ ఊరి పక్కనే అలాంటి మరో మార్గం ఉండేది: గోదావరి ఆనకట్ట కోసం ధవళేశ్వరంలో 1845లో పట్టాలు వేసి, క్వారీ నుంచి రాయిని నది గట్టుకు చేరవేశారు. అంటే రాయపురంలో టికెట్లు అమ్మడానికి పదకొండేళ్ల ముందే గోదావరి ఒడ్డున బండి చక్రాలు పట్టాల మీద తిరిగాయి.