పాము కాటుకు చికిత్స అయింది... కాలి వాపు మాత్రం తగ్గలేదు!

ప్రశ్న: మా నాన్నగారికి 54 ఏళ్లు. అయిదు రోజుల కిందట పొలంలో గడ్డి కోస్తుండగా కుడి పాదం మీద రక్తపింజరి కాటేసింది. పక్కనున్నవారు మోకాలి కింద తువ్వాలుతో గట్టిగా బిగించి కట్టారు. ఆసుపత్రికి చేరేసరికి గంటన్నర పట్టింది. విరుగుడు ఇంజెక్షన్లు ఇచ్చి, నిన్న ఇంటికి పంపారు. పిక్క వరకు వాపు ఇంకా ఉంది. కాటు పడిన చోట చర్మం నల్లబడింది, రెండు వేళ్లు తిమ్మిరిగా ఉన్నాయంటున్నారు. పసరు కట్టు కడితే తగ్గుతుందని ఊళ్లో చెబుతున్నారు. కాలికి ప్రమాదం ఉందా? ముందుగా ఎలా తెలుసుకోవాలి?
- ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా

జవాబు: పసరు కట్టు వద్దు. నాన్నగారిని ఈ రోజే సర్జన్ అందుబాటులో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. వాపు ఒక్కటే ఉంటే ఇంత తొందర పెట్టేవాణ్ని కాదు. రక్తపింజరి కాటు తర్వాత వాపు పూర్తిగా తీయడానికి రెండు మూడు వారాలు పట్టడం మామూలే. కానీ చర్మం నల్లబడటం, వేళ్లకు తిమ్మిరి పట్టడం అలా వదిలేయదగినవి కావు. అక్కడ కణజాలం చచ్చిపోతూ ఉండవచ్చు. తిమ్మిరి గంటన్నర బిగించిన కట్టు వల్ల నరం నలిగి రావచ్చు, లోపలి ఒత్తిడి వల్లా రావచ్చు. ఏది కారణమో చేత్తో పట్టి చూసిన వైద్యుడే చెప్పగలరు.

విరుగుడు మందు రక్తంలో తిరిగే విషాన్ని పట్టి బంధిస్తుంది. అప్పటికే దెబ్బతిన్న కండరాన్ని, చర్మాన్ని మాత్రం తిరిగి తేలేదు. అందుకే ప్రాణం గట్టెక్కిన తర్వాత కూడా కాలిని విడిగా కనిపెట్టి ఉండాలంటాను. ఈ సంగతి కుటుంబాలకు డిశ్చార్జి సమయంలో విడమరచి చెప్పకపోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

కాలి కండరాలు గట్టి పొరలతో చేసిన గదుల్లో ఉంటాయి. ఆ పొర పెద్దగా సాగదు. లోపల వాపు పెరిగితే ఒత్తిడి పెరిగి, సన్నని రక్తనాళాలు మూసుకుపోతాయి. దీన్నే కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటాం. ఈ ప్రమాదం ఎక్కువగా మొదటి ఒకటి రెండు రోజుల్లోనే ఉంటుంది. గాయాన్ని మించిన నొప్పి దీని తొలి సూచన. రోగి కాలు కదపకుండా ఉండగా మీరే ఆయన బొటనవేలిని మెల్లగా పైకి వంచి చూడండి. పిక్కలో ప్రాణం పోయేంత నొప్పి వస్తే, పిక్క చెక్కలా బిగుసుకుని ఉంటే, వెంటనే వైద్యుడికి చెప్పాలి. పాదం చల్లబడటం, పాలిపోవడం, నాడి అందకపోవడం చాలా ఆలస్యంగా కనిపించే లక్షణాలు. నాడి కొడుతోంది కదా అని నిశ్చింతగా ఉండకూడదు.

పాము కరిచిన కాలు లోపలి ఒత్తిడి పెరగకపోయినా అచ్చం అలాగే ఉబ్బి, బిగుసుకుని కనిపిస్తుంది. చాలామందిలో నీరు చర్మం కిందే చేరుతుంది. కాబట్టి చూడగానే ఒత్తిడి తగ్గించడానికని కోత పెట్టకూడదు. సూది ద్వారా ఒత్తిడిని కొలవాలి. పెద్దవారిలో అది 40 మిల్లీమీటర్లు (బీపీలాగే పాదరసం లెక్కలో) దాటితే ఆపరేషన్ ఆలోచించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతాయి. అదీ విరుగుడుతో రక్తం గడ్డకట్టే గుణం తిరిగి వచ్చిన తర్వాతే. లేకపోతే కోసిన చోట రక్తం ఆగదు. రక్తం గడ్డకడుతోందో లేదో చూసే పరీక్ష ఏ చిన్న ఆసుపత్రిలోనైనా చేయవచ్చు. పొడిగా ఉన్న కొత్త గాజు గొట్టంలో కొద్దిగా రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, తర్వాత వంచి చూస్తారు. నీళ్లలా జారితే విషం ఇంకా పనిచేస్తోందన్నమాట. నాన్నగారికి ఈ పరీక్ష మళ్లీ చేయించమని అడగండి.

వాపు ఎక్కడిదాకా వచ్చిందో బాల్‌పెన్నుతో చర్మం మీద గీత గీసి, పక్కనే టైము రాయండి. దర్జీ టేపుతో పిక్క చుట్టుకొలతను రోజూ అదే చోట కొలవండి. రెండో కాలిని కూడా కొలిస్తే తేడా తెలుస్తుంది. ఆసుపత్రిలో ఉన్నవారికైతే మొదటి రోజు గంటగంటకూ ఈ గీత చూడాలి. నలుపు చుట్టూ కూడా గీత గీయండి. గీత దాటి పాకినా, బొబ్బలు లేచినా, దుర్వాసన వచ్చినా, జ్వరం తగిలినా ఆలస్యం చేయవద్దు. బొబ్బలను చిదపకండి. చచ్చిన చర్మాన్ని సర్జన్ సకాలంలో తొలగిస్తే, అవసరమైన చోట చర్మం అతికిస్తే, కాలు దక్కే అవకాశం ఎక్కువ. పసరు, పేడ, పసుపు పెడితే ఇన్‌ఫెక్షన్‌ను చేజేతులా లోపలికి పంపినట్టే.

మూత్రం కూడా గమనించండి. తగ్గినా, టీ డికాక్షన్ రంగులో వచ్చినా కిడ్నీ పరీక్షలు అత్యవసరం. రక్తపింజరి విషం కిడ్నీలనూ దెబ్బతీస్తుంది. అందుకే నొప్పికి డైక్లోఫెనాక్ వంటి మాత్రలు సొంతంగా వేయకండి. పారాసిటమాల్ మేలు, అదీ వైద్యుణ్ని అడిగి. మరో వారంలో జ్వరం, కీళ్ల నొప్పులు, దద్దుర్లు వస్తే అవి విరుగుడు మందు తాలూకు ఆలస్య ప్రభావం కావచ్చు. దానికి చికిత్స ఉంది.

ఇక తువ్వాలు సంగతి. అలా బిగించి కట్టడం వల్ల విషం ఆగదు, కాలికి రక్తమే ఆగుతుంది. ఎవరికైనా పాము కరిస్తే మెట్టెలు, పట్టీలు, ఉంగరాలు, దారాలు వాపు రాకముందే తీసేయాలి. విరిగిన కాలికి కట్టినట్టు బద్ద పెట్టి, కదలకుండా పడుకోబెట్టి, 108కి ఫోను చేయాలి. ఇప్పటికే గట్టి కట్టు ఉంటే దారిలో ఒక్కసారిగా విప్పవద్దు. విరుగుడు సిద్ధంగా ఉన్నచోట వైద్యుడే విప్పాలి.

డిశ్చార్జి కాగితం వెంట తీసుకెళ్లండి. ఎన్ని వయల్స్ విరుగుడు ఇచ్చారో అందులో ఉంటుంది. సర్జన్ సరేనన్న రోజు నుంచే చీలమండను పైకీ కిందికీ ఆడించే వ్యాయామం ఫిజియోథెరపిస్టు దగ్గర మొదలుపెట్టించండి. నొప్పికి భయపడి నెలల తరబడి కాలు కదపకపోతే మడమ పైకి లాగేసి, పాదం నేలకు పూర్తిగా ఆనక, పొలం గట్ల మీద నడవడం కష్టమవుతుంది.