సెప్టెంబర్ 28న "చరిత్రలో ఈ రోజు" బోర్డు మీద ఏం రాయాలి, తేదీలు ఎలా సరిచూసుకోవాలి?

మీ ప్రశ్న ఇదీ: చాదర్‌ఘాట్ దగ్గర స్కూల్లో సోషల్ చెబుతారు. పొద్దున ప్రార్థన అయ్యాక పిల్లల చేత రెండు నిమిషాలు "చరిత్రలో ఈ రోజు" చదివించాలి, అదే బోర్డు మీద రాయాలి. సెప్టెంబర్ 28కి వాట్సాప్‌లో 22 అంశాల జాబితా వచ్చింది. ఏవి ఉంచాలి, ఏవి నమ్మాలి?

టీచర్ గారూ, ముందు లెక్క చూసుకోండి. ఏడో తరగతి పిల్ల మైకు ముందు నిలబడి రెండు నిమిషాల్లో స్పష్టంగా చదవగలిగేది 150 మాటలు. అంతకు మించితే పరుగు మొదలవుతుంది, వెనక వరసలకు ఏమీ అందదు. కాబట్టి మూడంటే మూడు అంశాలు. పెద్దదానికి సగం సమయం ఇవ్వండి, మిగతా సగం రెండు చిన్నవాటికి. 22 అంశాలు ఒక్కో వాక్యం చొప్పున చదివిస్తే మధ్యాహ్నానికి ఒక్కటీ గుర్తుండదు.

మీ స్కూలు ఉన్న చోటును బట్టి మొదటి అంశం తేలిపోయినట్టే. 1908 సెప్టెంబర్ 28, సోమవారం, మూసీ వరద. ఉర్దూలో "తుగ్యానీ" అంటారు, పాతబస్తీ పిల్లలు ఇళ్లలో ఈ మాట విని ఉంటారు, కాబట్టి బోర్డు మీద అది కూడా రాయండి. ఎడతెగని వానకు ఎగువన 200కు పైగా చెరువులు తెగాయి. పై చెరువు తెగిన నీళ్లు కింది చెరువు మీద పడి దాని కట్టనూ తెంపాయి. అలా గొలుసుకట్టుగా తెగబట్టే నది అంత తొందరగా పొంగింది. "భారీ వర్షాల వల్ల వరద" అని ఊరుకోకండి, పిల్లలకు అర్థం కావాల్సింది ఈ చెరువుల సంగతే. అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు దెబ్బతిని రాకపోకలు ఆగిపోతే, పురానాపూల్ ఒక్కటే రెండు ఒడ్లనూ కలిపింది. చనిపోయినవాళ్లు సుమారు 15,000 మంది అని ఎక్కువగా రాస్తారు. ఇది అంచనా, "సుమారు" వదిలేయకండి. అంతకన్నా పెద్ద అంకెలూ తిరుగుతుంటాయి, వాటి జోలికి పోవద్దు.

ఈ అంశంలో జాబితాలు మామూలుగా చేసే తప్పులు రెండు. ఒకటి, నిజాం పేరు. అప్పటి పాలకుడు మీర్ మహబూబ్ అలీ ఖాన్, ఆరో నిజాం. ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కింది 1911లో. రెండోది చింతచెట్టు. ఆ చెట్టెక్కి సుమారు 150 మంది బతికారు, చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోనే ఉంది. కానీ ఆ ఆసుపత్రి భవనం వరద తర్వాత కట్టింది, కాబట్టి "ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని" అని రాయాలి. "ఇప్పటి" అనే ఆ ఒక్క మాట లేకపోతే వాక్యం తప్పవుతుంది. తర్వాతి కథ ఒక్క వాక్యంలో చాలు: 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు, ఆయన సూచనల మీద మూసీ మీద ఉస్మాన్ సాగర్, అంటే మన గండిపేట, 1920లో, ఈసీ నది మీద హిమాయత్ సాగర్ 1927లో వచ్చాయి. పెద్ద తరగతులైతే, తల్లినీ భార్యనూ కూతురినీ ఆ నీళ్లలోనే పోగొట్టుకున్న కవి అమ్జద్ హైదరాబాదీ గురించి కూడా చెప్పండి. 15,000 అన్న అంకె అందించలేనిది ఆ ఒక్క ఇంటి సంగతి అందిస్తుంది.

మిగతా రెండు అంశాలకు సెప్టెంబర్ 28 మంచి జత ఇస్తుంది. 1895లో ఇదే రోజున వినుకొండలో గుర్రం జాషువా పుట్టారు, పారిస్ దగ్గర లూయీ పాశ్చర్ కన్నుమూశారు. తేదీ ఒక్కటే కాదు, సంవత్సరమూ ఒకటే. ఇలాంటివి అరుదు. పాశ్చర్ వర్ధంతి కాబట్టే ఈ రోజును ప్రపంచ రేబిస్ దినంగా పాటిస్తారు. బోర్డు మీద "పాశ్చర్ వర్ధంతి" అని రాసి ఆపేయకండి. కుక్క కరిస్తే గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి, ఆ రోజే టీకాకు వెళ్లాలి అని రాయండి. పసుపు, కారం పెట్టకూడదని కూడా చేర్చండి. వీధికుక్కలున్న బస్తీ పిల్లలకు పక్కాగా పనికొచ్చే అంశం ఈ మూడింటిలో ఇదే.

ఇక జాబితాలో మిగిలినవి. ఖగోళ పరిశోధన ఉపగ్రహం ఆస్ట్రోశాట్ ప్రయోగం సరైనదే: 2015, శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సి30. లతా మంగేష్కర్ పుట్టిన రోజూ సరైనదే: 1929, ఇండోర్. ఈ రెంటినీ వచ్చే ఏడాదికి దాచుకోండి. ఏటా అవే మూడు చదివిస్తే పిల్లలు వినడం మానేస్తారు. వరదను మాత్రం ఏటా ఉంచి, దాని మీద చెప్పే ముక్క మార్చండి: ఒక ఏడు చెరువులు, ఒక ఏడు వంతెనలు, ఒక ఏడు గండిపేట.

జాగ్రత్తగా చూడాల్సినవి ఇవి. భగత్ సింగ్ పుట్టిన రోజు 1907 సెప్టెంబర్ 27 అని కొన్ని పుస్తకాల్లో, 28 అని కొన్నింటిలో ఉంటుంది. రెండూ రాసేయండి, తప్పేమీ లేదు. పాత తరాల పుట్టిన తేదీల్లో ఈ తేడాలు మామూలే. ఇంట్లో చెప్పుకునేది తిథి, బడిలో వేసింది ఇంకో తేదీ. పెన్సిలిన్‌ను ఫ్లెమింగ్ కనిపెట్టిన రోజు సంగతి ఇంకోలా ఉంటుంది. 1928 సెప్టెంబర్ 28 అని అందరూ రాస్తారు, కానీ ఫ్లెమింగ్ సెలవుల నుంచి ల్యాబుకు తిరిగొచ్చింది ఆ నెల మొదట్లోనే. "1928 సెప్టెంబర్‌లో" అంటే సరిపోతుంది, రోజుకు కట్టేయొద్దు.

గడియారం వల్ల వచ్చే తప్పు జాబితాల్లో ఎవరూ చూడరు. ఫాల్కన్ 1 రాకెట్ 2008 సెప్టెంబర్ 28న కక్ష్య చేరిందని మీ జాబితాలో ఉండే ఉంటుంది. అది గ్రీనిచ్ లెక్కన రాత్రి 11:15కు లేచింది. మనది 5:30 గంటలు ముందు, అంటే ఇక్కడ 29 తెల్లవారుజామున 4:45. అది ఎగిరిన పసిఫిక్ దీవిలో కూడా అప్పటికి 29వ తేదీయే. చంద్రుడి మీద దిగడం కూడా ఇంతే, 1969 జులై 20 అంటాం గానీ మనకు 21 తెల్లవారుజాము. అమెరికా సంఘటన ఏదైనా సాయంత్రం జరిగి ఉంటే ముందు దాన్ని గ్రీనిచ్ సమయంలోకి మార్చి, దానికి 5:30 కలిపి చూసుకోండి.

క్యాలెండర్ తేడా ఇంకోటి. నార్మండీ విలియం 1066 సెప్టెంబర్ 28న ఇంగ్లండ్ తీరంలో దిగాడన్నది పాత జూలియన్ క్యాలెండర్ తేదీ, ఇప్పటి లెక్కకు ఆరు రోజులు జరుగుతుంది. ఇంగ్లండ్ కొత్త క్యాలెండర్‌కు మారింది 1752లో. ఇలాంటిది పెడితే "పాత క్యాలెండర్ ప్రకారం" అని చేర్చండి చాలు. నిజాం కాలపు కాగితాల్లో మాత్రం హిజ్రీ, ఫస్లీ (రెవెన్యూ లెక్కలకు వాడిన సంవత్సరం) రెండూ కనిపిస్తాయి. ఫస్లీకి 590 కలిపితే ఆ ఏడు మొదలైన ఇంగ్లిష్ సంవత్సరం వస్తుంది. కానీ హైదరాబాద్ ఫస్లీ అక్టోబర్‌లో మొదలయ్యేది, అందుకని వేసవి నెలల సంఘటనలకు ఒక ఏడు తక్కువ పడుతుంది. ఎక్కువమంది తప్పుతున్నది అక్కడే.

పేపర్ కటింగ్ చూసి తేదీ వేసేటప్పుడు కూడా జాగ్రత్త. పేపర్ పైన ఉన్నది అచ్చయిన రోజు, వార్త అంతకు ముందు రోజుదో, టెలిగ్రామ్ కాలంలో అయితే రెండు రోజుల ముందుదో అవుతుంది. అలాగే ఒకే సంఘటన రెండు రోజులు నడవచ్చు. 1948లో నిజాం రేడియోలో లొంగుబాటు ప్రకటించింది సెప్టెంబర్ 17న, సైన్యం లాంఛనంగా లొంగిపోయింది 18న. ఆ రోజుకు ఏ పేరు పెట్టాలన్న వాదన బోర్డు మీదకు తేవద్దు, ఏ రోజు ఏం జరిగిందో రాయండి.

సరిచూసుకోవడానికి ఇంటర్నెట్‌లో రెండు చోట్ల ఉండటం లెక్కలోకి రాదు. రెండు జాబితాల్లో ఒకే అచ్చుతప్పు కనిపిస్తే రెండూ ఒకటే. తేదీ పేరుతో ఉన్న పేజీని వదిలి ఆ మనిషి గురించిన పేజీనో జీవిత చరిత్రనో తెరవండి. వారం పేరు ఇచ్చి ఉంటే ఫోన్ క్యాలెండర్‌లో ఆ సంవత్సరానికి వెళ్లి సరిపోయిందో లేదో చూడండి, తప్పుడు తేదీలు చాలావరకు అక్కడే దొరికిపోతాయి. పుస్తకాలకు అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ మీకు దగ్గరే. పాత పత్రికలకు, తెలుగు, ఉర్దూ రెంటికీ, బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం మంచిది. వెళ్లేముందు తేదీ, సంవత్సరం, పత్రిక పేరు చీటీ మీద రాసుకెళ్లండి, "వరద గురించి ఏమైనా" అని అడిగితే పూటంతా పోతుంది.

బోర్డుకు ఇలా రాయొచ్చు:

"1908: మూసీ వరద, తుగ్యానీ. ఎగువన చెరువులు ఒకదాని తర్వాత ఒకటి తెగి నది పొంగింది. సుమారు 15,000 మంది చనిపోయారు. మన చాదర్‌ఘాట్ వంతెన దెబ్బతింది, పురానాపూల్ నిలిచింది. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు సుమారు 150 మందిని కాపాడింది. ఆ తర్వాత గండిపేట, హిమాయత్ సాగర్ కట్టారు.

1895: గబ్బిలం చేత శివుడికి సందేశం పంపించిన కవి గుర్రం జాషువా వినుకొండలో పుట్టారు.

1895: రేబిస్ టీకా కనిపెట్టిన లూయీ పాశ్చర్ మరణించారు. కుక్క కరిస్తే సబ్బు, నీళ్లతో 15 నిమిషాలు కడగండి, ఆ రోజే టీకా వేయించుకోండి."

ఇది 150 మాటల లోపే ఉంటుంది, మీరే గడియారం పెట్టి ఒకసారి చదివి చూడండి. సెప్టెంబర్ 28 చాలా ఏళ్లు బతుకమ్మ, దసరా సెలవుల్లోనో ఆదివారమో పడుతుంది. అలాంటప్పుడు సెలవులకు ముందు చివరి పనిదినాన పెట్టేయండి, కాకపోతే "ఈ రోజు" కొట్టేసి పైన "సెప్టెంబర్ 28" అని తేదీ వేయండి.