మనోశారీరకమా, మనోదైహికమా? ఇంతకీ ఒత్తిడి ఎక్కడుంది?

సందేహం: మాది ఇందుకూరుపేట మండలం. రొయ్యల రైతులకు పెట్టే ఆరోగ్య శిబిరం కోసం కరపత్రం రాస్తున్నాను. అందులో ‘ఒత్తిడి వల్ల వచ్చే మనోశారీరక వ్యాధులు’ అని రాస్తే, తెలుగు మాస్టారు ‘మనోశారీరక’ తప్పన్నారు. ఇక్కడి రైతులు రొయ్యకు కూడా ‘స్ట్రెస్’ అనే మాటే వాడతారు. మనిషికీ రొయ్యకూ ఒత్తిడి అనే మాట సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు జిల్లా

సమాధానం: మాస్టారి మాట నిజమే. ‘మనః’ తర్వాత గ, ద, భ, వ వంటి నాదాక్షరం వస్తేనే విసర్గ ఓకారమవుతుంది: మనోగతం, మనోధైర్యం, మనోభావం, మనోవ్యాధి. శకారం వస్తే శకారమే రెట్టిస్తుంది: మనశ్శాంతి, మనశ్శాస్త్రం. ఆ లెక్కన ‘మనశ్శారీరక’ అనాలి. వ్యాకరణానికి బాగానే ఉంటుంది కానీ నోరు తిరగదు. దేహం నుంచి వచ్చిన ‘దైహిక’ చేర్చి మనోదైహిక అంటే సంధీ కుదురుతుంది, పలకడమూ తేలిక. ఇంతకంటే పాత జంట ‘ఆధివ్యాధులు’. చాలామంది దీన్ని ‘జబ్బులూ గిబ్బులూ’ లాంటి జంటమాట అనుకుంటారు. కాదు. ఆధి అంటే మనసు బాధ, వ్యాధి అంటే ఒంటి జబ్బు.

అసలు చిక్కు ఒత్తిడి దగ్గరే ఉంది. తాకు–తాకిడి, దోచు–దోపిడి లాగే ఒత్తు–ఒత్తిడి. అంటే ఒత్తే పని. అది బయటినుంచి వస్తుంది. ‘ఆయన మీద ఒత్తిడి తెచ్చారు’ అంటాం. ‘బెంగ పెట్టుకుంది’, ‘దిగులు పడింది’ అన్నట్టు ‘ఒత్తిడి పెట్టుకుంది’ అని ఎవరూ అనరు. బెంగా దిగులూ లోపలివి, ఒత్తిడి బయటిది. ఈ తేడా మన క్రియాపదాల్లోనే ఉంది.

స్ట్రెస్ అనే మాటను వైద్యంలో స్థిరపరచిన హాన్స్ సెల్యీ కూడా ఇక్కడే తడబడ్డాడు. వియన్నాలో పుట్టి కెనడాలోని మాంట్రియల్‌లో పనిచేసిన ఆయన, 1936లో ఎలుకల మీద ప్రయోగాల ఫలితాలు ప్రకటించాడు. చలి, గాయం, మితిమీరిన శ్రమ, మందుల విషం – హాని ఏదైనా ఎలుకల్లో అవే మూడు మార్పులు కనబడ్డాయి: మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు ఉబ్బడం, ఛాతీలో ఉండే థైమస్ గ్రంథి కుంచించుకుపోవడం, జీర్ణాశయంలో పుండ్లు పడడం. ఇది శరీరంలోని స్పందన. దానికి ఆయన పెట్టిన పేరు మాత్రం బయటి బలానిది. భౌతికశాస్త్రంలో స్ట్రెస్ అంటే ప్రతిబలం. దానివల్ల వస్తువులో వచ్చే మార్పు స్ట్రెయిన్, అంటే వికృతి. తన ఇంగ్లీషు ఇంకాస్త బాగుంటే స్ట్రెయిన్ అనేవాణ్ణని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. అప్పటికే పేరు స్థిరపడిపోవడంతో, కారణానికి స్ట్రెసర్ అని మరో మాట కల్పించాల్సి వచ్చింది.

మీ రైతులకు ఈ గందరగోళం లేదు. ‘డీఓ పడిపోయింది, రొయ్య స్ట్రెస్ అయింది, ఆనక వైట్‌స్పాట్ కొట్టింది’ అంటారు. తెల్లవారుజామున గుంటలో డీఓ, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్ తగ్గడం ఒత్తిడి. మేత ముట్టకుండా రొయ్య నీరసపడడం దాని స్పందన. వైట్‌స్పాట్ వైరస్ తెచ్చిన జబ్బు. మూడూ వేరువేరు. కాబట్టి రొయ్య విషయంలో స్ట్రెస్ అనే మాటను అలాగే ఉంచండి. ‘రొయ్య ఒత్తిడికి గురైంది’ అని రాస్తే పత్రికావార్తలా ఉంటుంది.

మీ వాక్యంలో ‘వల్ల వచ్చే’ అన్నది నాకు మరీ అభ్యంతరం. కడుపులో పుండ్లను ఏళ్లపాటు ఒత్తిడి ఖాతాలో వేశారు. వాటిలో చాలావాటికి హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా కారణమని తేల్చిన వారెన్, మార్షల్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. 1991లో షెల్డన్ కోహెన్ బృందం ప్రకటించిన పరిశోధనలో 394 మంది ముక్కుల్లో జలుబు వైరస్ చుక్కలు వేశారు. ఒత్తిడి ఎక్కువగా ఉన్నవాళ్లలో ఎక్కువమందికి జలుబు చేసింది. జలుబు తెచ్చింది వైరసే, దానికి దారిచ్చింది ఒత్తిడి. అందుకే ‘ఒత్తిడి వల్ల వచ్చే’ బదులు ‘ఒత్తిడితో ముదిరే’ అనో, ‘ఒత్తిడిలో తేలిగ్గా పట్టుకునే’ అనో జబ్బును బట్టి రాయండి.

మనోదైహిక అన్నారంటే జబ్బు ఉత్తదే, అంతా మనసులోదే అనుకునేవాళ్లున్నారు. జబ్బు ఒంట్లో నిజంగా ఉంటుంది. ఈ అపోహ రాకూడదంటే కరపత్రంలో ఆ పెద్దమాట మానేసి ఇలా రాయవచ్చు: ‘పంట పోయిందన్న దిగులు, అప్పుల ఒత్తిడి ఎక్కువ రోజులుంటే బీపీ, షుగర్ అదుపు తప్పవచ్చు.’ అన్నట్టు, బీపీని ‘రక్త ఒత్తిడి’ అని మాత్రం రాయకండి. రక్తపోటు అనే చక్కని మాట మనకుంది, శిబిరంలో అందరూ బీపీ అనే అడుగుతారనుకోండి.