ఏటికొప్పాక లక్క బొమ్మలు చేసే చిన్న యూనిట్లు ఎగుమతి మొదలుపెట్టాలంటే ఎలాంటి సాయం కావాలి?

అందరూ ఐఈసీ (ఎగుమతిదారుకు ఉండాల్సిన కోడ్ నంబరు) గురించే అడుగుతారు గానీ అది అసలు సమస్యే కాదు, కేంద్రంలో విదేశీ వాణిజ్యం చూసే డీజీఎఫ్‌టీ సైట్‌లో 500 రూపాయలు కడితే వచ్చేస్తుంది.

కష్టమంతా టెస్టింగ్‌లోనే. ఈ బొమ్మలకు 2017లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది, దాని కింద ఆథరైజ్డ్ యూజర్‌గా నమోదైన వాళ్లకు మన దేశంలో బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) మార్కు నుంచి మినహాయింపు కూడా ఉంది, కానీ యూరప్‌లో అదేమీ చెల్లదు. అక్కడ పిల్లల బొమ్మ అంటే సీఈ మార్కు (అక్కడి భద్రతా నియమాలకు సరిపోతుందనే గుర్తు) ఉండాల్సిందే, దానికి మామూలుగా ఈఎన్ 71 అనే బొమ్మల భద్రతా ప్రమాణం ప్రకారం పరీక్షలు చేయిస్తారు. సహజ రంగులే వాడాం అంటే ఎవరూ వినరు, ల్యాబ్ రిపోర్టు చూపించమంటారు. రంగు మార్చినా, ఊడొచ్చే చిన్న ముక్క ఏదైనా పెట్టినా మళ్లీ పరీక్షే. ఇంటిల్లిపాదీ కూర్చుని బొమ్మలు చేసే కుటుంబం ఈ ఖర్చు ఎక్కడ మోస్తుంది? అందుకే నా లెక్కలో సబ్సిడీ లోన్ల కన్నా, కొన్ని కుటుంబాలు ఒకే సంఘం పేరుతో, అవే రంగులు, అవే డిజైన్లతో ఉమ్మడిగా టెస్టులు చేయించుకునేలా చూడడమే పెద్ద సాయం. ఎగ్జిబిషన్లో స్టాళ్లు (అధికారులకు ఫొటోలు బాగా వస్తాయి) తర్వాత చూసుకోవచ్చు.

మొదట్లో ఆర్డర్లు చిన్నవే కాబట్టి కంటైనర్ టెన్షన్ వద్దు, తపాలా శాఖ వాళ్ల డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాల (పోస్టాఫీసు ఎగుమతి కేంద్రాల) ద్వారా పార్శిల్‌గా పంపొచ్చు. డబ్బు ఎగ్గొడతారేమోనన్న భయానికి ఎగుమతిదారులకు బీమా ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఈసీజీసీ పాలసీలున్నాయి, అయినా కొత్త బయ్యర్‌ని అడ్వాన్స్ అడగండి.