డాక్టర్ సలహా: రెటీనా బాగానే ఉందన్నారు, మరి ఎమ్మారై ఎందుకు రాశారు?

ప్రశ్న: మా ఆయనకు 36 ఏళ్లు. మాది అనంతపురం జిల్లా, బెంగళూరు పీణ్యలో ఉంటున్నాం. ఆయన ఫ్యాబ్రికేషన్ షెడ్డులో వెల్డింగ్, గ్రైండింగ్ చేస్తారు. ఐదు రోజులుగా ఎడమ కన్ను మసకగా ఉందంటున్నారు. కన్ను పక్కకు తిప్పితే లోపల నొప్పి. ఎర్ర చొక్కా కూడా వెలిసిపోయినట్టు కనిపిస్తోందట. కంటి డాక్టర్ చుక్కల మందు వేసి చూసి రెటీనా బాగుందన్నారు. అయినా మెదడుకీ, కళ్లకీ కాంట్రాస్ట్ ఎమ్మారై రాశారు. కన్ను బాగున్నప్పుడు ఇంత ఖర్చు అవసరమా? సీటీ స్కాన్ చాలదా? రేడియేషన్ భయం కూడా ఉంది.
- ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: అమ్మా, స్కాన్ అవసరమే. వాయిదా వేయకండి. అయితే స్కాన్ గదిలోకి వెళ్లే ముందు మీ ఆయన గ్రైండింగ్ పని చేస్తారని అక్కడి వాళ్లకు చెప్పి తీరాలి. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కంగారు పెట్టింది ఆ ఒక్క మాటే.

ముందు మీ మొదటి సందేహం. చుక్కల మందు వేసి చూసినప్పుడు డాక్టర్‌కు కనిపించేది కంటిగుడ్డు లోపలి భాగం మాత్రమే. రెటీనా ఆ గుడ్డు వెనక గోడ. దాని అవతల, ఎముకల గూటిలో, కొవ్వు మధ్యన కంటిని తిప్పే కండరాలు, రక్తనాళాలు, వాటి నడుమ చూపు నరం ఉంటాయి. ఈ ఆప్టిక్ నరం గూటిలో రెండున్నర సెంటీమీటర్లు సాగి, ఎముకలోని సన్నటి రంధ్రం గుండా మెదడులోకి వెళ్తుంది. వాపు ఆ దారిలో ఉంటే ముందు నుంచి ఎంత చూసినా కనపడదు. ఆప్టిక్ న్యూరైటిస్ అనే నరం వాపులో మూడింట రెండొంతుల మందికి మొదట్లో కంటి పరీక్ష మామూలుగానే ఉంటుంది. వయసు, తిప్పితే నొప్పి, ఎరుపు వెలిసినట్టు కనిపించడం, ఇవన్నీ ఆ జబ్బునే అనుమానించేలా ఉన్నాయి. టార్చిలైటు ఒక కంటి మీద, వెంటనే రెండో కంటి మీద మార్చి మార్చి వేసి చూశారా? ఎడమ వైపు వెలుగు పడినప్పుడు కంటిపాప చిన్నది కాకుండా పెద్దదైతే నరంలో తేడా ఉందని దాదాపు తేలిపోతుంది. డాక్టర్ స్కాన్ రాసింది ఊరికే కాదు.

సీటీ ఎముక విరిగిందా, లోహపు ముక్క ఉందా అన్నది బాగా చెబుతుంది. నరంలో వాపు చెప్పడంలో ఎమ్మారైదే పైచేయి. కంటి వెనక కొవ్వు మామూలు ఎమ్మారై చిత్రంలో తెల్లగా మెరుస్తూ పక్కనున్న నరాన్ని కమ్మేస్తుంది. అందుకే కళ్లకు తీసేటప్పుడు ఆ కొవ్వు మెరుపును అణిచివేసే పద్ధతి వాడతారు. అప్పుడు కొవ్వు నల్లబడుతుంది. ముఖానికి ఎదురుగా పలచని ముక్కలు కోసినట్టు తీసిన ఆ చిత్రాల్లో ఒక్కో కంటి గూటి నడుమ ఒక్కోటి చొప్పున రెండు చిన్న గుండ్రాలు కనిపిస్తాయి. అవే నరాలు. కాంట్రాస్ట్ మందుగా గ్యాడోలీనియం ఇంజెక్షన్ ఇచ్చాక ఒకటి నల్లగానే ఉండి, రెండోది తెల్లగా వెలిగితే జబ్బు ఎక్కడుందో, ఎంత దూరం పాకిందో తెలుస్తుంది. స్కాన్ చీటీలో మెదడుతో పాటు ‘ఆర్బిట్స్’ (కంటి గూళ్లు) అని కూడా రాసి ఉందో లేదో చూసుకోండి. మామూలు మెదడు స్కాన్‌లో ఈ వివరం దొరకదు. మెదడుకు తీసేది నరాల పైపొర దెబ్బతినే మల్టిపుల్ స్క్లెరోసిస్ లాంటి జబ్బుల మచ్చలు ఉన్నాయేమో చూడ్డానికి.

ఇక లోహం సంగతి. గ్రైండింగ్‌లో ఎగిరే ఇనుప రజను కంట్లో దూరి, నొప్పి తగ్గాక ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోవచ్చు. ఎమ్మారై అయస్కాంతం దాన్ని కదిలిస్తుంది. రేకుల పని చేసిన ఒకాయనకు స్కాన్ తర్వాత కంట్లో రక్తస్రావమై చూపు పోయిన సంగతి 1986లోనే వైద్య పత్రికలో వచ్చింది. కాబట్టి ముందు కళ్లకు ఎక్స్‌రే గానీ సీటీ గానీ తీయించి, ముక్కలేమీ లేవని తేలాకే ఎమ్మారై. ‘కళ్లద్దాలు పెట్టుకునే పనిచేస్తాను’ అని ఆయన అన్నా వదలకండి.

ఎమ్మారైలో రేడియేషన్ ఉండదు. చప్పుడు మాత్రం గట్టిగా ఉంటుంది, చెవుల్లో దూది పెడతారు. అరగంట, ముప్పావుగంట కళ్లు మూసుకుని, లోపల గుడ్లు కూడా కదపకుండా ఉండాలి, లేకపోతే చిత్రం చెదిరిపోతుంది. కిడ్నీ జబ్బు ఉంటే కాంట్రాస్ట్‌కు ముందే చెప్పాలి.

మెడికల్ షాపులో వాపు తగ్గించే స్టెరాయిడ్ మాత్రలు కొని సొంతంగా వేయకండి. 1992లో అమెరికాలో వెలువడిన పెద్ద అధ్యయనంలో, మామూలు మోతాదు మాత్రలు మాత్రమే వాడినవాళ్లకు ఈ జబ్బు తిరగబెట్టడం ఎక్కువైందని తేలింది. అవసరమైతే ఆసుపత్రిలో రక్తనాళం ద్వారా ఇస్తారు. దానితో చూపు త్వరగా కోలుకుంటుంది. చాలామందికి చూపు బాగానే తిరిగొస్తుంది, అంత టెన్షన్ పడకండి.

ఖర్చు బరువైతే చామరాజపేటలోని మింటో కంటి ఆసుపత్రి, నరాల జబ్బులకు నిమ్హాన్స్ ఉన్నాయి, రెండూ ప్రభుత్వానివే. రెండో కంటికీ మసక మొదలైనా, కాళ్లు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మూత్రం బిగుసుకుపోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.